గుత్తి నీలి సాలీడు: పరదేశంలో పెంపకం, స్వదేశంలో కరవు

వెంకటాచలం నుంచి ఓబులవారిపల్లెకు 2019లో ప్రారంభమైన రైలుమార్గం వెలిగొండలను ఆరున్నర కిలోమీటర్లకు మించిన సొరంగంతో చీల్చుకుని సాగిపోతుంది. రైళ్ళు సరకులతో పాటు సరకులలో దాగిన ప్రాణులను కూడా మోసుకుపోతాయి. నూట పాతికేళ్ళ క్రితం అలా ప్రయాణించిందని భావిస్తున్న ఒక సాలెపురుగును గురించి ఈ నెల పాఠకులతో ముచ్చటించదలచాము. సాలెపురుగులను గాజుపెట్టెల్లో పెంచే దృశ్యాలు సెల్‌ఫోన్ తెరలపై విరివిగా కనబడుతున్న రోజులివి. వాటిని చూసిన పిల్లలు 'మనమూ పెంచుకుందామా?' అని అడిగితే తల్లిదండ్రులు ఏమని బదులివ్వాలి?

విదేశాల్లో ఈ పెంపకానికి పేరుమోసిన ప్రాణి బ్లాక్ విడో సాలీడు. నల్లని దేహం, పొట్ట అడుగున ఇసుక గడియారం ఆకారంలో ఎర్రని మచ్చ దీని ఆనవాళ్ళు. ఆడ సాలీడు విషం నాడీమండలంపై పనిచేసి తీవ్రమైన కండరాల నొప్పులు కలిగిస్తుంది. మరణాలు మాత్రం అరుదు. దీనిని పెంచడం కేవలం వినోదానికే పరిమితం కాలేదు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో అమెరికాలోని కాలిఫోర్నియాలో నాన్ సాంగర్ అనే మహిళ ఇలాంటి సాలీళ్ళను సాకి, వాటి దారాన్ని గురిచూసే పరికరాల అద్దాలలో అడ్డగీతలుగా అమర్చేందుకు సరఫరా చేసింది. ఆస్ట్రేలియాలో దీనికి దగ్గరి బంధువైన రెడ్‌బ్యాక్ సాలీడు కాటుకు 1956లో విరుగుడు మందు వెలువడింది. సాలీళ్ళ నుంచి సేకరించిన విషాన్ని గుర్రాలకు కొద్దికొద్దిగా ఎక్కించి, వాటి రక్తం నుంచి ఆ మందు తయారుచేస్తారు.

బ్లాక్ విడో పెంపకంలో అసలు కష్టం పిల్లలతోనే. ఒక్కో గుడ్ల సంచి నుంచి వందలాదిగా బయటికి వస్తాయి. వెంటనే విడదీయకపోతే ఒకదానినొకటి తినేస్తాయి. పేరుకు తగినట్లు ఆడది మగదానిని ఎల్లప్పుడూ చంపుతుందన్న ప్రచారం సరికాదు. కడుపునిండిన ఆడ సాలీడు తరచుగా దాని జోలికి పోదు. ఇరుకు డబ్బాలో పారిపోయే దారి లేనప్పుడు మాత్రం మగదానికి చావు తప్పదు.

ఇక మన గుత్తి సాలీడు. అనంతపురం జిల్లాలోని గుత్తి రైల్వే కలప యార్డులో దొరికిన ఒక సాలెపురుగును లండన్‌లో బ్రిటిష్ మ్యూజియానికి చెందిన రెజినాల్డ్ పోకాక్ 1899లో శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. ఆ తరువాత 102 సంవత్సరాల పాటు దాని జాడ తెలియలేదు. 2001లో నంద్యాల, గిద్దలూరుల మధ్య అడవిలో అది తిరిగి కనబడింది. నల్లమల గుండా వెళ్ళే రైలులో కలప దుంగలతో పాటు తొలి సాలీడు గుత్తికి చేరి ఉంటుందని పరిశోధకుల ఊహ. అంటే గుత్తి దాని సొంత ఊరు కాదు, దిగిన స్టేషను మాత్రమే!

కాళ్ళతో కలిపి అరచేతిని మించిపోయే ఈ ప్రాణి మెరిసే నీలవర్ణం చూపరులను కట్టిపడేస్తుంది. ఆ నీలం రంగు పదార్థం వల్ల వచ్చింది కాదు. రోమాలలోని అతి సూక్ష్మ నిర్మాణం కాంతిని చెదరగొట్టడం వల్ల ఏర్పడుతుంది. ఆ అందమే దానికి శత్రువైంది. తిరిగి కనబడిన కొద్ది సంవత్సరాలకే ఐరోపా, అమెరికాలలోని పెంపకందారుల పెట్టెల్లో ప్రత్యక్షమైంది. అక్కడికి ఎలా చేరిందో ఊహించడం కష్టమేమీ కాదు.

చెట్టు తొర్రలలో బతికే ప్రాణి కనుక, పెంపకందారులు వెడల్పు కన్నా ఎత్తు ఎక్కువగల పెట్టెలో నిలువుగా బెరడు నిలబెడతారు. కొంత తేమ, ధారాళంగా గాలి ఉండేలా చూస్తారు. కీచురాళ్ళను, బొద్దింకలను మేపుతారు. చివరి కుబుసం విడిచిన మగది చిన్న గూడు అల్లి, వీర్యాన్ని అందులో విడిచి, నోటి పక్కనున్న స్పర్శాంగాలలోకి పీల్చుకుంటుంది. ఆడదాని సమీపానికి చేర్చగానే కాళ్ళతో దరువు వేసి తన రాకను తెలుపుతుంది. మగది రెండు మూడేళ్ళలో గతించగా, ఆడది పదేళ్ళకు మించి జీవిస్తుంది. తల్లి గుడ్ల సంచిని కాపలా కాస్తుంది. ఈ ప్రజాతి సాలీళ్ళు, బ్లాక్ విడోకు భిన్నంగా, చిన్నతనంలో ఒకే గూటిలో సర్దుకుని ఉండగలవు. కాటుకు మనుషులు మరణించిన దాఖలా లేదు; కానీ భరించరాని నొప్పి, రోజుల తరబడి కండరాల బిగుతు తప్పవు. పిల్లలున్న ఇంటికి ఇది చాలదా?

మనపై ఆధారపడిన మూగజీవి విషయంలో ధర్మం స్పష్టమే. పిల్లిని కట్టివేసి, తిండి పెట్టక, తిననీయక చంపిన స్త్రీ శిక్షకు గురైందని దైవప్రవక్త (స) తెలిపారు. మరోవైపు, అబూ ఉమైర్ అనే బాలుడు పెంచుకున్న చిన్న పిట్టను గురించి ఆయన (స) ఆప్యాయంగా అడిగిన ఉదంతం ఆధారంగా, బాధించకుండా పోషించే షరతుపై పక్షుల పెంపకాన్ని పండితులు అనుమతించారు. కనుక పెంపకం దానంతట అదే దోషం కాదు. అడవిలో మిగిలిన కొద్ది ప్రాణులను మన ముచ్చట కోసం కొల్లగొట్టడం మాత్రం వేరు. దివ్య ఖుర్ఆన్‌లో 29వ సూరాకు సాలెపురుగు పేరే ఉందన్న సంగతిని కూడా పిల్లలకు ఇదే సందర్భంలో చెప్పవచ్చు.

ఈ సాలీడు నివసించే ప్రాంతం వంద చదరపు కిలోమీటర్ల కన్నా తక్కువ. 2008లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం దీనిని అత్యంత ప్రమాదస్థితిలో ఉన్న జీవిగా ప్రకటించింది. 2019లో ఈ ప్రజాతి మొత్తాన్ని సైటెస్ ఒప్పందపు జాబితాలో చేర్చారు. అనుమతి లేకుండా రిజర్వు అడవి నుంచి ప్రాణిని పట్టుకుపోవడం మన చట్టం ప్రకారం నేరం. 2022లో వన్యప్రాణి చట్టానికి చేసిన సవరణ, సైటెస్ జాబితాలోని సజీవ ప్రాణులను కలిగి ఉన్నవారు వివరాలను అధికారులకు తెలియజేయాలని నిర్దేశించింది. కాబట్టి ఆన్‌లైన్‌లో ఎవరో అమ్మజూపారని కొనేస్తే చిక్కు కొన్నవారికే.

'విదేశాల్లో వేల సంఖ్యలో పెరుగుతున్నాయి కదా, జాతి నిలిచినట్లే కదా!' అనే వాదన వినిపిస్తుంది. ఇది సగం మాత్రమే నిజం. ఆ పెట్టెల్లోని సంతతి కొద్దిపాటి సాలీళ్ళ నుంచి వచ్చినది. తరతరాలుగా దగ్గరి బంధువుల మధ్యే జతకట్టించిన వాటిని, ఏ రోగాలు అంటుకున్నాయో తెలియని వాటిని అడవిలో వదలడానికి శాస్త్రజ్ఞులు సాహసించరు. ఒకవేళ వదిలినా, వాటికి కావలసినవి తొర్రలు పడిన ముసలి చెట్లు. వంటచెరకు కోసం, కలప కోసం నల్లమలలో ముందుగా గొడ్డలి పడేది ఆ చెట్లమీదనే.