కూర్చున్న కాలము - మెదడు ఆరోగ్యము

కూర్చొని తింటే కొండలైనా కరుగునని మన పెద్దలు ధనమును గూర్చి చెప్పిరి. ఆ మాట మెదడునకును వర్తించునేమో యని నేటి వైద్యశాస్త్రము యోచించుచున్నది.

పేరొకటి మరచుట వార్ధక్య సహజము. తెలిసిన దారి తప్పుట, నిత్యకృత్యములు చేసికొనలేకపోవుట డిమెన్షియా లక్షణములు కావచ్చును. మన దేశమున 60 ఏండ్లు పైబడినవారిలో నూటికి 7.4 మందికి ఈ వ్యాధి కలదని 2023లో వెలువడిన ఒక అంచనా.

అదే యేట బ్రిటన్‌లో 60 ఏండ్లు దాటిన సుమారు 50,000 మందిపై జరిగిన పరిశోధన వెలువడినది. వారి మణికట్టునకు కదలికలను కొలుచు పరికరమును వారము దినములు కట్టి, పిదప ఆరేండ్లకు పైగా గమనించిరి. దినమునకు 10 గంటలు మించి కూర్చొనువారిలో ఈ వ్యాధి అధికముగా కనిపించినది. కూర్చొనుటయే కారణమని ఇది రుజువు చేయలేదు. అయినను కదలిక రక్తప్రసరణమును మెరుగుపరచును. ఈ వ్యాధికి దోహదము చేయు రక్తపోటును, మధుమేహమును అదుపున ఉంచును.

నిమ్మాడ పొలములలో, ఉద్దానపు కొబ్బరి తోటలలో పని చేయువారికి నడక వేరుగా నేర్పనక్కరలేదు. పలాసలో దినమంతయు కూర్చొని జీడిపప్పు ఒలుచువారి మాట వేరు. చేతులకు విశ్రాంతి లేదు, కాళ్ళకు కదలిక లేదు.

ఇక మన ఇండ్లలో, "మీరు కూర్చోండి, మేము చేసెదము" అని పెద్దలను ప్రతి పనికిని దూరము చేయుదుము. అది ప్రేమయే. కాని పెరటి మొక్కలకు నీరు పోయుట, అంగడికి నడచుట వారికి విడిచిపెట్టుటయు ప్రేమయే. వారానికి కనీసము 150 నిమిషముల చురుకైన నడక వంటి శ్రమ ఉండవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. శక్తికొలది వారితో మనమును నడచెదము గాక.