కంప్యూటర్‌కూ ఓ విత్తనాల మూట

రైతు ఇంట్లో ఎంత కరువొచ్చినా ముట్టుకోని మూట ఒకటి ఉంటుంది. అది వచ్చే ఏటి విత్తనం. దాన్ని తిండిగింజల్లో కలపరు. తడి తగలకుండా, ఎలుకకు అందకుండా వేరేచోట దాస్తారు. కంప్యూటర్ విషయంలో ఈ మూటనే బ్యాకప్ అంటారు. లినక్స్ కంప్యూటర్‌లో ఆ పని మన జ్ఞాపకం మీద ఆధారపడకుండా, దానంతటదే జరిగేలా ఎలా చేయవచ్చో వివరించడమే ఈ చిన్న వ్యాసం ఉద్దేశం.

మన ప్రాంతానికి దీని అవసరం ఎక్కువే. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపంలోనే తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకూలాయి. ఎన్నో ఊళ్ళు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. పైకప్పు ఎగిరిన ఇంట్లో కంప్యూటరూ, పక్క సొరుగులోని పెన్‌డ్రైవూ ఒకే వానకు తడుస్తాయి కదా! ఉద్దానం కిడ్నీ జబ్బు కారణాల కోసం ఏళ్ళుగా పరిశోధన సాగుతోంది. అలాంటి పని కోసం ఓ విద్యార్థి మే నెలలో బావినీళ్ళు పరీక్షించి రాసుకున్న అంకెలు పోతే, వానలు పడ్డాక మళ్ళీ తీసుకోలేడు. కంప్యూటర్ ఇంకొకటి కొనుక్కోవచ్చు, ఆ అంకెలు ఏ కొట్లోనూ దొరకవు.

అందుకే 3-2-1 అనే సూత్రం పుట్టింది. అసలుతో కలిపి 3 ప్రతులు, 2 రకాల సాధనాల మీద, అందులో 1 దూరపు చోట. పలాసకు టెక్కలి దూరం కాదు. ఒకే తుపాను రెండు ఊళ్ళనూ చుట్టేయగలదు. హైదరాబాదులోని బంధువుల ఇల్లో, ఇంటర్నెట్ నిల్వో మేలు.

ఇక పనిముట్లు. 1996లో ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మెకెరాస్ అనే వారు ఆస్ట్రేలియాలో తయారుచేసిన ఆర్‌సింక్, ఫైళ్ళ పరిమాణం, తేదీ పోల్చి మారినవాటినే నకలు చేస్తుంది. దాన్ని వేళకు నిద్రలేపేది క్రాన్. క్రాన్ పట్టికలో '0 21 * * *' అని రాసి, పక్కన ఆదేశం ఇస్తే రోజూ రాత్రి 9 గంటలకు పని మొదలవుతుంది. మొదటి అంకె నిమిషం, రెండవది గంట. మూడు చుక్కలకు అర్థం తేదీ, నెల, వారం ఏదైనా సరేనని.

"మరి ఆ టైముకి కరెంటు లేకపోతే ఏటవుద్ది?" అని మీరడగవచ్చు. మామూలు క్రాన్ తప్పిన పనిని మళ్ళీ చేయదు. అనాక్రాన్ అయితే కంప్యూటర్ తిరిగి వెలిగాక, తప్పిన రోజువారీ పనిని పూర్తిచేస్తుంది. కోతలున్న ఊళ్ళకు ఇదే తగినది.

ఇక్కడ రెండు గోతులున్నాయి. మొదటిది: బయటి డిస్కు తగిలించకపోతే, ఆర్‌సింక్ అదే పేరుగల ఖాళీ ఫోల్డరులోకి, అంటే అసలు కంప్యూటర్‌లోకే నకలు చేసి ఊరుకోవచ్చు. మనకేమో బ్యాకప్ అయిందన్న భ్రమ. కనుక డిస్కు ఉందో లేదో ముందు 'మౌంట్‌పాయింట్' ఆదేశంతో చూసుకుని, లేకపోతే ఆగిపోయేలా రాయాలి. రెండవది: పాడైన ఫైలు కూడా రాత్రికి నకలై, మంచి ప్రతిని చెరిపేస్తుంది. పుచ్చు విత్తనం మంచి మూటలో కలిసినట్టే. కాబట్టి తేదీలవారీగా పాత ప్రతులు ఉంచాలి. రెస్టిక్, బోర్గ్ అనే ఉచిత ప్రోగ్రాములు ఈ పని చక్కగా చేస్తాయి. మారని భాగాన్ని రెండోసారి దాచవు కనుక చోటూ కలిసొస్తుంది. రెస్టిక్ ప్రతులకు తాళం కూడా వేస్తుంది. దాని సంకేతపదం పోతే ప్రతి ఉన్నా లేనట్టే. కాగితం మీద రాసి వేరేచోట భద్రపరచాలి.

ఆఖరి మాట. విత్తనం మంచిదో కాదో రైతు గుప్పెడు గింజలు తడిగుడ్డలో కట్టి, మొలక చూసి తేల్చుకుంటాడు. మనమూ నెలకోసారి ఒక ఫైలును బ్యాకప్ నుంచి వెనక్కి తెచ్చి, తెరిచి చూసుకోవాలి. తెరుచుకుంటేనే అది బ్యాకప్. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోమన్నారు పెద్దలు. మన తీరానికి అక్టోబరు ఏటా వస్తూనే ఉంటుంది. ఈ పని సెప్టెంబరులోపే ముగించుకోవడం మంచిది.