‘తెలియదు’ అనడం నేర్చిన యంత్రం

రామచంద్రపురంలోని మా మదర్సాలో ఖుర్ఆన్ కంఠస్థం చేయించే హాఫిజ్ సాహెబ్ గారికి చూపు లేదు. కొత్త నోట్లలో వంద పొడవు 142 మిల్లీమీటర్లు, రెండు వందలది 146, అయిదు వందలది 150. ఆ నాలుగేసి మిల్లీమీటర్ల తేడా వేళ్లకు అందక, చిల్లర తీసుకునేటప్పుడు ఆయన ఎదుటివారి నిజాయితీపైనే ఆధారపడేవారు. నోటును గుర్తించి పలికే ‘మణి’ యాప్‌ను రిజర్వు బ్యాంకు 2020 జనవరి 1న విడుదల చేసింది గాని, ఆయన స్మార్ట్‌ఫోన్ వాడరు.

అందుచేత మా విద్యార్థులు రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డుకు కెమెరా, స్పీకరు అమర్చారు. నోట్లను మడిచి, నలిపి, ఎండలోను నీడలోను ఫోటోలు తీసి ప్రోగ్రాముకు నేర్పారు. తొలినాడు మేము పసుపుపచ్చని నికాహ్ ఆహ్వాన పత్రిక చూపగా, అది నిస్సంకోచంగా ‘రెండు వందలు’ అన్నది! పిల్లలు నవ్వారు. మాకు మాత్రం భయం వేసింది. అటువంటి ప్రోగ్రాము ఏది చూపినా తాను నేర్చిన వాటిలో దగ్గరగా తోచినదాని పేరే చెబుతుంది.

ధార్మిక ప్రశ్నలకు ‘నాకు తెలియదు’ అనడానికి ఇమామ్ మాలిక్ (రహ్మలై) వెనుకాడేవారు కారు. యంత్రానికీ ఆ మాట నేర్పమన్నాము. పిల్లలు రశీదులు, పత్రికలు, తెల్లకాగితాల ఫోటోలతో ‘నోటు కాదు’ అనే వర్గం చేర్చారు. నమ్మకం నూటికి తొంభై దాటనిదే విలువ పలకరాదని హద్దు పెట్టారు. నకిలీ నోటును మాత్రం ఇది పట్టుకోజాలదు.

ఇప్పుడది తరచుగా ‘తెలియదు’ అంటున్నది. హాఫిజ్ సాహెబ్ నోటును సాపుచేసి, తిప్పి మళ్లీ చూపుతారు. అంగడిలో వెనుక నిలబడినవారు విసుక్కుంటారట, ఆయన తొందరపడరు.