కంప్యూటరును ఎవరు పిలుస్తారు, అది ఎలా పలుకుతుంది?

ఈ ఏడాది మన ట్రస్టు ఉపకార వేతనాల ఇంటర్వ్యూలో కంప్యూటర్ సైన్సు పిల్లలను "ఇంటరప్టు అంటే ఏమిటి?" అని అడిగితే, ఇంచుమించు అందరూ పుస్తకంలోని నిర్వచనం తడబడకుండా అప్పజెప్పారు. "అది లేకపోతే ఏమవుతుంది?" అన్నప్పుడు మాత్రం ఎవరూ నోరు విప్పలేదు. అడిగిన నేను బి.కాం. చదివి బ్యాంకులో గుమాస్తాగా రిటైరైనవాణ్ణి. నాకూ ఈ సంగతి గుడియాత్తంలోని మా చెల్లెలి మనవరాలు చెబితేనే తెలిసింది. ఆమె వేలూరులో ఇంజనీరింగు చదువుతోంది.

కీబోర్డు, డిస్కు, నెట్‌వర్కు కార్డు, ఇవన్నీ ప్రాసెసరుతో పోలిస్తే చాలా నిదానం. "ఏమైనా వచ్చిందా?" అని ప్రాసెసరు ఒక్కొక్కదాన్నీ అడుగుతూ కూర్చుంటే దాని కాలమంతా వృథా. అందుకని పని ఉన్న పరికరమే పిలుస్తుంది. ఆ పిలుపే ఇంటరప్టు. ప్రాసెసరు చేస్తున్న పనిని ఆపి, ఎక్కడ ఆపిందో భద్రపరచుకొని, పిలిచినవారి సంగతి చూసి, తిరిగి ఆపిన చోటికే వస్తుంది.

ఇది నాకు కొత్త కాదు. లెడ్జరు రాస్తుండగా మేనేజరు పిలిస్తే, వోచరు మీద పెన్సిలుతో చిన్న గుర్తు పెట్టి లేచేవాళ్ళం. ఒకనాడు గుర్తు పెట్టకుండా లేచాను. తిరిగి వచ్చి ఒకే వోచరును రెండుసార్లు పోస్టు చేశాను. ఆ రాత్రి లెక్క ట్యాలీ అయ్యేసరికి తొమ్మిది దాటింది. "తాతా, అదే మా కెర్నల్ రిజిస్టర్లను సేవ్ చేయడం" అని ఆ పిల్ల నవ్వింది.

1981 నాటి ఐబీఎం పీసీలో ఇలా పిలవడానికి 8 లైన్లే ఉండేవి. 1984లో రెండో చిప్పును జోడించారు. రెండింటినీ కలపడానికి ఒక లైను పోగా 15 మిగిలాయి. ఇంటెల్ ప్రాసెసరులో మొత్తం 256 నంబర్లు. మొదటి 32 ప్రాసెసరు తన సొంత పొరపాట్ల వంటివాటికే అట్టిపెట్టుకుంటుంది.

పిల్లలు తప్పక పట్టుకోవలసిన మాట మరొకటి ఉంది. పిలుపుకు పలికే ప్రోగ్రామును హ్యాండ్లర్ అంటారు. అది క్షణంలో ముగియాలి, మధ్యలో దేనికోసమూ ఆగి వేచి ఉండకూడదు. అది నడిచినంతసేపూ లైనక్స్‌లో ఆ కోరు మీద మిగతా పిలుపులు ఆగిపోతాయి. అందుకని పనిని రెండు ముక్కలు చేస్తారు. కౌంటరులో చెక్కు తీసుకొని టోకెన్ ఇచ్చి పంపడం మొదటిది, తీరికగా పోస్టింగు చేయడం రెండోది. టోకెన్ ఇవ్వకుండా మొత్తం పోస్టింగు అక్కడే చేస్తే వెనుక క్యూ ఏమవుతుందో తల్లిదండ్రులకు నేను చెప్పనక్కరలేదు.

ఇక అమరిక. లైనక్స్‌లో ప్రాక్ డైరెక్టరీలో ఇంటరప్ట్స్ అనే ఫైలును తెరిస్తే, ఏ లైను నుంచి ఏ కోరుకు ఎన్ని పిలుపులు వచ్చాయో వరుసగా కనిపిస్తుంది. ఆమె కంప్యూటరులో నాలుగు కోర్లు. నెట్‌వర్కు కార్డు పిలుపులన్నీ మొదటిదాని మీదే పడుతున్నాయి. అదే ప్రాక్‌లో ఐఆర్‌క్యూ కింద, ఆ లైను నంబరు డైరెక్టరీలో, ఎస్ఎంపీ అఫినిటీ అనే ఫైలు ఉంటుంది. అందులో 1 రాస్తే మొదటి కోరు, 2 అంటే రెండోది, 4 అంటే మూడోది, 8 అంటే నాలుగోది. 3 అంటే మూడోది కాదు, మొదటి రెండూ అని అర్థం. నేను ఇక్కడే తికమకపడ్డాను.

ఆమె 4 రాసింది. మూడో గడిలో అంకె పెరగసాగింది. కాసేపటికి మళ్ళీ వేరే గడిలో పెరుగుతోంది! చూస్తే ఐఆర్‌క్యూ బ్యాలెన్స్ అనే ప్రోగ్రాము నడుస్తూ, పిలుపులను తనకు తోచినట్టు పంచుతోంది. దాన్ని ఆపి రాసిన తరువాతే అమరిక నిలిచింది.

ఇంట్లో లైనక్స్ ఉన్న పాత కంప్యూటరు ఏదున్నా పిల్లలు ఇది చూడవచ్చు. చూడటం వల్ల ఏమీ చెడదు. మార్చాలంటే రూట్ అధికారం కావాలి. తప్పు రాసినా, కంప్యూటరును ఆపి మళ్ళీ వేస్తే ఆ ఫైలులోని మార్పు పోతుంది.