కొత్త కంప్యూటర్లో పాత తెలుగు గల్లంతు!
పేజ్‌మేకర్ ఫైళ్లు తెరుచుకోక తిప్పలు... దారి లేకపోలేదు

మూకండపల్లి (హోసూరు): మా అన్న పెండ్లి పత్రిక 2002లో కొట్టించింది. ఇప్పుడు ఆయన కూతురి పెండ్లి. ఇంటి దేవుళ్లు, పెద్దల పేర్ల వరుస అట్లే ఉండాలని పాత సీడీ పట్టుకొని మూకండపల్లిలో ఓ డీటీపీ అంగడికి పోతిమి. కొత్త కంప్యూటరు, విండోస్ 11. సీడీ పెట్టే చోటే లేదు! బయటి డ్రైవు తగిలిస్తే పేజ్‌మేకర్ ఫైలు అసలు తెరుచుకోలేదు. పక్కనున్న వర్డ్ ఫైలు తెరుచుకుంది గానీ తెర నిండా ఇంగ్లిషు ముక్కలు, పిచ్చి గుర్తులు. "వైరస్సేమో అన్నా" అన్నాడు కుర్రాడు.

వైరస్సు కాదు. ఆ రోజుల్లో తెలుగు అచ్చు చాలావరకు అను ఫాంట్లు, పేజ్‌మేకర్ జోడీ మీదే నడిచింది. ఆ ఫాంట్లలో తెలుగు అక్షరం ఇంగ్లిషు అక్షరం చోటులో కూర్చుంటుంది. ఫాంటు లేకుంటే కింద ఉన్న ఇంగ్లిషే బయటపడుతుంది. ఇప్పటి యూనికోడ్‌లో తెలుగుకు సొంత చోటుంది. కానీ పేజ్‌మేకర్‌కు యూనికోడ్ తెలియదు. 2001లో వచ్చిన 7.0తోనే అడోబ్ దాన్ని ఆపేసి ఇన్‌డిజైన్ వైపు మళ్లింది.

మళ్లీ కంపోజ్ చేయిస్తే పోలేదా అంటారేమో. ఆంధ్రలో అయితే సరే. ఇక్కడ తమిళం తప్పనిసరి చేసిన 2006 చట్టం తరువాత తెలుగు చదివే పిల్లలే తగ్గిరి. వత్తులు, దీర్ఘాలు చూసి దిద్దేవాళ్లను వెతుక్కోవాల. గుడి కరపత్రాలు, బడి సంచికలు ఎన్ని ఇట్లా సీడీల్లో మూలుగుతున్నాయో!

ఏం చేయొచ్చు?

మొదట ప్రోగ్రాం గుర్తు మీద కుడి క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో కంపాటిబిలిటీ కింద విండోస్ ఎక్స్‌పీ ఎంచుకొని చూడాల. కొన్ని దీనితోనే లేస్తాయి. అయితే 16 బిట్ ప్రోగ్రాములు 64 బిట్ విండోస్‌లో నడవవు. విండోస్ 11 వచ్చిందే 64 బిట్‌లో. కొన్ని పాత సాఫ్ట్‌వేర్లకు ఇన్‌స్టాల్ చేసే భాగం ఒక్కటే 16 బిట్ ఉంటుంది, అక్కడే ఆగిపోతాయి.

అప్పుడు వర్చువల్‌బాక్స్ గతి. ఉచితంగా దొరుకుతుంది. కొత్త కంప్యూటరు లోపలే ఇంకో కంప్యూటరు ఉన్నట్లు చేసి అందులో ఎక్స్‌పీ వేసుకోవచ్చు. పాత ఎక్స్‌పీ సీడీ, దాని కీ, అను, పేజ్‌మేకర్ సీడీలు దగ్గరుండాల. ఒక్క జాగ్రత్త. ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ భద్రతా మద్దతు 2014 ఏప్రిల్ 8తో ఆగింది. దానికి ఇంటర్నెట్ కలపొద్దు.

తెరుచుకున్న వెంటనే ఫాంట్లతో సహా పీడీఎఫ్ చేసి పెట్టుకోవాల. అది ఏ కంప్యూటర్లో అయినా కనిపిస్తుంది. మాటలు మార్చుకోవాలంటే మాత్రం యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు వాడాల. నమ్మి వదిలేయకండి, వత్తులు అటూ ఇటూ దూకుతాయి. అసలు పత్రిక పక్కన పెట్టుకొని దిద్దుకోవాల్సిందే. ఇన్‌డిజైన్ సీఎస్6 ఉన్నవాళ్లు పేజ్‌మేకర్ ఫైలును నేరుగా అందులోనే తెరవొచ్చు, అను ఫాంట్లు మాత్రం ఉండాల.

మా పత్రిక రెండోనాడు వర్చువల్‌బాక్స్‌లో తెరుచుకుంది. 'శ్రీరస్తు శుభమస్తు' మొదలు అన్నీ ఉన్నాయి. మేనమామ పేరులో అప్పుడు పడిన అచ్చుతప్పుతో సహా.