తొట్టెలో విలుకాడు

ఆర్చర్ ఫిష్‌ని పెంచేవాళ్ల ఇంటికి మొదటిసారి వెళ్లినవాళ్లు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది: ‘నీళ్లు సగమే పోశారేం?’ అయిదడుగుల పొడవున్న గాజు తొట్టెలో నీళ్లు నిజంగానే సగానికి ఉంటాయి. పైసగంలో ఓ ఎండుకొమ్మ, దానికి నాలుగు ఆకులు. అంతే. ఈ చేపకు నీళ్లు ఎంత అవసరమో నీళ్లపైన ఖాళీ కూడా అంతే అవసరం. దాని వేట సాగేది అక్కడే.

కొమ్మ మీద మిడతను వదిలి చూడండి. వెండిరంగు ఒంటి మీద నల్లటి మచ్చలున్న చేప ఒకటి మెల్లగా దాని కిందకి వస్తుంది. ఒళ్లు ఏటవాలుగా ఎత్తి, మూతి కొసను మాత్రం నీటి అంచుకు ఆనిస్తుంది. ఆ పెద్ద కళ్లు రెండూ మిడత మీదే. క్షణకాలం రెక్క కూడా కదిలించదు. అంతలో మొప్పలు టక్కున మూసుకుంటాయి, నోట్లోంచి సన్నటి నీటిధార లేస్తుంది. మిడత కాళ్లు పట్టుతప్పి కింద పడుతుంది. అది పడే చోటికి చేప అప్పటికే బయల్దేరి ఉంటుంది.

ఇంత చేసేదీ చిన్న నోరే. అంగిట్లో పొడవునా ఒక గాడి ఉంటుంది. నాలుకను దానికి అదిమి పెడితే గొట్టం తయారవుతుంది. మొప్పల మూతలు గట్టిగా నొక్కుకోగానే నీళ్లు ఆ గొట్టంలోంచి బాణంలా దూసుకొస్తాయి.

బటావియా ఆస్పత్రి పెద్ద, ఒక ఈగ

ఈ చేపను పెంచి చూసిన ముచ్చట యూరప్ విద్వాంసుల దాకా చేరింది 1764లో. ఇప్పటి జకార్తా అప్పట్లో డచ్చివాళ్ల బటావియా. అక్కడి ఆస్పత్రి అధికారి హోమెల్‌కు ఈ చేపల విద్య గురించి తెలిసింది. పెద్ద తొట్టి నిండా సముద్రపు నీళ్లు పోయించి, చేపల్ని పట్టించి వేశాడు. రోజు విడిచి రోజు నీళ్లు మార్పించాడు. అవి కాస్త కుదుటపడ్డాక ఒక పుల్లకు ఈగను గుండుసూదితో గుచ్చి తొట్టి అంచున నిలబెట్టాడు. చేపలు గురిచూసి కొట్టాయి. ఆ సంగతి లండన్ రాయల్ సొసైటీ పత్రికలో ష్లాసర్ అనే ఆయన పేరుతో అచ్చయింది.

అయితే వర్ణన ఒక చేపది, బొమ్మ ఇంకో చేపది! ముక్కు పొడుగ్గా సాగిన సీతాకోక చేప బొమ్మ అందులో అచ్చయింది. పొడుగు ముక్కు చూస్తే ఎవరికైనా చిమ్మనగొట్టమే గుర్తొస్తుంది కాబట్టి ఆ పొరపాటు తరాలపాటు పుస్తకాల నుంచి పుస్తకాలకు పాకింది. ఆర్చర్ ఫిష్‌కు పల్లాస్ అనే శాస్త్రవేత్త 1767లో శాస్త్రీయ నామం పెట్టినా గందరగోళం పోలేదు. 1902లో మాస్కోకు చెందిన అక్వేరియం నిపుణుడు జొలొత్నిట్‌స్కీ ఈ చేపను తొట్టెలో పెంచి, కొట్టేది ఇదేనని వివరంగా రాశాడు. చేపల శాస్త్రానికి ఇంటి తొట్టె చేసిన మేలు తక్కువేం కాదని చెప్పడానికి నాకు ఈ ఒక్క ఉదాహరణ చాలు.

అప్పటి నుంచీ ఈ చేపను ప్రయోగశాలలు వదల్లేదు. నీళ్లలోంచి పైకి చూస్తే వెలుగు వంగి, పురుగు ఉన్నచోట కాకుండా ఇంకోచోట కనిపిస్తుంది. చేప ఆ తేడాను సరిదిద్దుకునే కొడుతుందని 1977లోనే తేలింది. 2012లో మిలాన్ విశ్వవిద్యాలయం వాళ్లు అతివేగపు కెమెరాలు పెట్టి ధారను పరిశీలించారు. ధార తోక తలకన్నా వేగంగా ప్రయాణిస్తుంది. వెనక నీళ్లు ముందు నీళ్లను దారిలోనే అందుకుని, లక్ష్యాన్ని తాకే వేళకు అంతా కలిసి ఒకే బొట్టవుతుంది. దెబ్బలోని బలమంతా ఆ బొట్టుదే. జర్మనీలో స్టెఫాన్ షుస్టర్ బృందం మరో రెండేళ్లకు ఇంకో సంగతి బయటపెట్టింది. పురుగు దూరాన్ని బట్టి చేప నోరు తెరిచి మూసే వేగాన్ని మార్చుకుంటుంది. ఆ బొట్టు మరీ ముందూ కాకుండా, మరీ ఆలస్యంగానూ కాకుండా తయారయ్యేది అందువల్లే.

2016లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు తొట్టెపైన తెర పెట్టి మనుషుల ముఖాలు చూపించారు. నేర్పిన ముఖం మీద మాత్రమే ఉమ్మాలి. కొత్త ముఖాలు 44 దాకా చూపించినా చేపలు నూటికి 81 సార్లు సరిగ్గా కొట్టాయి. రోజూ మేత వేసే మనిషి గదిలోకి రాగానే మూతి పైకెత్తి సిద్ధమవుతాయని పెంచేవాళ్లు చెబితే నేనైతే నమ్ముతాను.

ఉప్పు లెక్క

విద్య సంగతి సరే. కష్టమంతా నీళ్లతోనే. ఇది మంచినీటి చేప కాదు, పూర్తిగా సముద్రపు చేపా కాదు. నది సముద్రంలో కలిసేచోట, మడ చెట్ల వేళ్ల మధ్య, ఆటుకూ పోటుకూ ఉప్పు తగ్గుతూ పెరుగుతూ ఉండే నీళ్లలో బతుకుతుంది. మన దేశం తూర్పు తీరం నుంచి పసిఫిక్ దీవుల దాకా దాని జాతులు ఉన్నాయి. గంగ ముఖద్వారంలో దొరికే ఒక జాతిని హామిల్టన్ అనే శాస్త్రవేత్త 1822లోనే తన గంగానది చేపల పుస్తకంలోకి ఎక్కించాడు.

ఈ లెక్క భీమవరం వైపు రొయ్యల రైతుకు చెబితే ఒక్క ముక్కలో అర్థమవుతుంది. చెరువుగట్టు మీద ‘సెలైనిటీ ఎంతుంది?’ అన్నది అక్కడ రోజువారీ మాట. సముద్రపు నీటిలో లీటరుకు దాదాపు 35 గ్రాముల ఉప్పు. ఆర్చర్ ఫిష్‌కు 5 నుంచి 15 గ్రాములు సరిపోతుంది. 300 లీటర్ల నీళ్లకు పది గ్రాముల చొప్పున వేసుకుంటే మూడు కిలోలు. కొలవడానికి ఆ రొయ్యల రైతులు వాడే రిఫ్రాక్టోమీటరే కొనుక్కోండి. నాలుక మీద వేసి రుచి చూసే పద్ధతి ఇక్కడ పనికిరాదు.

ఉప్పంటే వంటింటి ఉప్పు కాదు. కల్లుప్పు కూడా కాదు. నౌపడ ఉప్పుమడుల్లో గడ్డకట్టి చేతికొచ్చేది ఎక్కువగా సోడియం క్లోరైడే. సముద్రంలో ఉండే మెగ్నీషియం చాలావరకు మిగిలిపోయిన చేదునీళ్లతో బయటికి పోతుంది. చేపకు ఆ మెగ్నీషియం, కాల్షియం, నీటి క్షారగుణాన్ని నిలబెట్టే బైకార్బొనేట్లు అన్నీ కావాలి. అందుకే అక్వేరియం దుకాణాల్లో దొరికే మెరైన్ సాల్ట్ వాడాలి. ఖర్చే. కానీ హైదరాబాద్ బోరునీళ్ల వాళ్లకు ఒక్క ఊరట ఉంది. నీళ్లు గట్టివని డిస్కస్ చేపలు పెంచేవాళ్లు తలపట్టుకుంటారు కదా, ఈ చేపకు ఆ గట్టితనమే ఇష్టం.

మే నెలలో తొట్టె నీళ్లు రోజురోజుకీ దిగిపోతుంటాయి. అప్పుడు కొత్తవాళ్లు ఉప్పునీళ్లే కలిపి పోస్తుంటారు. ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పు అక్కడే ఉంటుంది. తగ్గినంత మంచినీళ్లు పోస్తే లెక్క సరిపోతుంది. గాజు మీద నీటిమట్టం దగ్గర చిన్న టేపు ముక్క అతికించుకుంటే రోజూ కొలవక్కర్లేదు. వారానికోసారి పాతనీళ్లు తీసి మార్చేటప్పుడు మాత్రం ముందే ఉప్పు కలిపి ఉంచిన నీళ్లు వాడాలి.

ఇక్కడే దుకాణాలతో నా పేచీ. రెండంగుళాల పిల్లల్ని మామూలు నీళ్లలో ఉంచి, ‘మంచినీటి చేపేనండీ, ఏంజెల్స్‌తో కలిపి వేసుకోండి’ అని అమ్మేవాళ్లున్నారు. పిల్ల వయసులో మంచినీళ్లను తట్టుకుంటుంది, నిజమే. పెరిగేకొద్దీ చాలావాటికి ఉప్పు లేకుండా కుదరదు. అలా తెచ్చుకున్నవాళ్లు ఒకేసారి మూడు కిలోలూ గుమ్మరించొద్దు. చేప తట్టుకున్నా ఫిల్టర్‌లోని బ్యాక్టీరియా తట్టుకోవు. చేప విసర్జించే అమ్మోనియాను విరిచి నీళ్లను కాపాడేది అవే. అవి చచ్చిపోతే రెండు రోజుల్లో నీళ్లు విషమవుతాయి. వారానికి లీటరుకు రెండు గ్రాముల చొప్పున పెంచుకుంటూ పోవాలి.

బొద్దింకలు వద్దు

మేత విషయంలో ఇంట్లో పిల్లలు మహా ఉత్సాహం చూపిస్తారు. బొద్దింకల్ని పట్టి వేద్దామంటారు. ఇంట్లో ఏ మూలైనా పురుగుమందు కొట్టి ఉంటే ఆ బొద్దింకతోపాటు చేపా పోతుంది. పెంపుడు చిమ్మెటలు, మీల్‌వార్మ్స్ కొని వేయడమే క్షేమం. తేలే గుళికలకూ అలవాటు పడతాయి. అసలు అడవిలో కూడా ఇది తిండికంతటికీ ఉమ్ముకుంటూ కూర్చోదు. నీటిమీద పడినవాటిని తింటుంది, అందే ఎత్తులో ఉంటే ఎగిరి నోటకరుచుకుంటుంది. అందుకే తొట్టెకు మూత తప్పనిసరి.

ఒంటరిగా ఒక్కదాన్నే పెంచకండి. ఒకే సైజువి నాలుగైదు ఉండాలి. సైజులో తేడా ఉంటే పెద్దది చిన్నదాన్ని మింగేస్తుంది. గుంపులో ఉంటే చూడదగ్గ తమాషా ఇంకోటుంది. కొట్టేది ఒకటి, తినేది ఇంకొకటి. పురుగు ఎటు, ఎంత వేగంతో పడుతోందో చూసి సెకనులో పదోవంతు కాలంలోనే అన్నీ అటు తిరుగుతాయి. గురిచూసి కొట్టిన చేప చాలాసార్లు వెనకపడిపోతుంది. తోటి చేపల్ని చూసి నేర్చుకునే గుణం కూడా వీటికుందని షుస్టర్ బృందం 2006లో రాసింది. కదిలే లక్ష్యాన్ని కొట్టడం, పక్కచేప సాధన చూస్తూ ఊరికే ఉన్నవాటికీ అబ్బిందట.

తోడుగా ఉంచాలంటే మన పులికాట్‌లో, గోదావరి ముఖద్వారంలో దొరికే మచ్చల స్కాట్ చేపలు సరిపోతాయి. మొక్కలతో ఆశ పెట్టుకోకండి, ఉప్పుకు చాలా రకాలు కుళ్లిపోతాయి. అందంగా ఉంటుందని కోరింగ నుంచి మడమొక్క పీక్కురావద్దు. అది 1978 నుంచి అభయారణ్యం. దీపానికి, నీళ్లకు మధ్య గాజుపలక ఉంచండి. వెలుగుతున్న బల్బు కనబడితే దాని మీదా ఉమ్ముతుంది, వేడి బల్బు పగిలిపోతుంది. తొట్టెపైన వంగి చూసేవాళ్ల కళ్లను కూడా ఇది పురుగులనే అనుకుంటుంది. కళ్లజోడు ఉంటే పెట్టుకోండి.

కొనేముందు ఒకటి తెలుసుకోవాలి. వీటిని ఇళ్లలో గుడ్లు పెట్టించి పిల్లల్ని చేయడం చాలా అరుదు. దుకాణానికి వచ్చేది ఎక్కువగా ఆగ్నేయాసియా మడ అడవుల్లో పట్టినదే. చక్కగా చూసుకుంటే అయిదేళ్లకు పైనే బతుకుతుంది, జానెడు పొడవు దాకా పెరుగుతుంది. విసుగొచ్చిందని చెరువులో వదిలేయడానికి వీల్లేదు. అపార్ట్‌మెంట్ హాల్లో మూడు వందల కిలోల నీటి బరువు మోసే స్టాండు, అయిదడుగుల గోడ, వారం వారం ఉప్పు కొలిచే ఓపిక ఉన్నవాళ్లే దీని జోలికెళ్లాలి. అవి లేనివాళ్లు గప్పీలు పెంచుకోవడం మంచిది.