అమ్మ, అగరువత్తి, థర్మోస్టాట్

మిషిగన్‌లో మా తొలి చలికాలం గ్యాసు బిల్లు చూసి కళ్ళు తిరిగాయి. "నా కోసమేగా ఇదంతా, తగ్గించెయ్ నాయనా" అంది ఊరినుంచి వచ్చిన అమ్మ.

తగ్గిస్తే మళ్ళీ వేడెక్కడానికి ఎక్కువ ఖర్చవుతుందని మనలో చాలామంది అనుకుంటారు. నిజం కాదు. ఇల్లు చల్లబడినకొద్దీ బయటికి పోయే వేడీ తగ్గుతుంది. ఫర్నేసున్న ఇంట్లో రోజుకు 8 గంటలు 7-10 డిగ్రీల ఫారెన్‌హీట్ తగ్గిస్తే ఏడాదికి 10 శాతం దాకా ఆదా అని అమెరికా ఇంధన శాఖ అంచనా.

కానీ పెద్దవాళ్ళకు 65 డిగ్రీల ఇల్లు కూడా ప్రమాదం కావచ్చు. ఒంటి వేడి పడిపోతుంది. వాళ్ళుంటే 68 కన్నా తగ్గించకూడదు.

మరి దారి? అమ్మ వెలిగించిన అగరువత్తే చూపింది. కిటికీ దగ్గర పొగ వంకర తిరిగింది. ఆ సందును కాల్కుతో పూడ్చాను, తలుపు అంచుకు రబ్బరు పట్టీ అంటించాను.

అమ్మ ఉన్నన్నాళ్ళూ 70 నుంచి కదపలేదు. అయినా బిల్లు తగ్గింది. రాత్రిళ్ళు 60కి దించింది ఆవిడ వెళ్ళాకే.